గండుచీమల కాలనీ డైరీ: టెస్ట్ ట్యూబు నుంచి ప్లాస్టర్ గూటి దాకా

ఒంటరి రాణి చీమతో మొదలుపెట్టి, దాని సంతానమంతా గాజు వెనక ఎలా బతుకుతుందో చూడాలన్నదే ఈ ప్రాజెక్టు. చీమలు కాంపోనోటస్ ప్రజాతివి, అంటే మనం గండుచీమలు అనే రకం. కొత్తగా పెంచేవాళ్ళకు ఇవే నయమని నా అభిప్రాయం. ఒళ్ళు పెద్దది కాబట్టి గుడ్డు ఏదో, లార్వా ఏదో లెన్సు లేకుండానే తెలిసిపోతుంది. మొదటి వారాల్లో రాణికి తిండి పెట్టే పని కూడా ఉండదు. కాకపోతే కాలనీ చాలా మెల్లగా పెరుగుతుంది. వారం వారం మార్పు చూడాలనుకునేవాళ్ళకు ఈ ప్రజాతి విసుగు పుట్టిస్తుంది.

రాణుల కోసం

వాన వెలిశాక గాలి ఆడకుండా ఉక్కగా ఉన్న పూట రెక్కల చీమలు పుట్టల్లోంచి పైకి లేస్తాయి. ఏ కాలంలో, ఏ పూటన్నది జాతిని బట్టి మారుతుంది. జతకట్టిన కొద్ది రోజులకే మగవి చచ్చిపోతాయి. రాణి మాత్రం కిందకి దిగి, రెక్కలు తానే విరుచుకుని, దాక్కోవడానికి కన్నం వెతుక్కుంటూ నేల మీద తిరుగుతుంది. పట్టుకోవాల్సింది అప్పుడే. పుట్ట తవ్వి రాణిని తీయడానికి నేను ఒప్పుకోను. రాణి పోతే ఆ పుట్టలో కొత్త కూలీలు (గూటి పనులు చేసే చీమలు) పుట్టరు, ఉన్నవాటి ఆయుష్షు తీరగానే పుట్ట ఖాళీ. పైగా అంత అలజడిలో బయటికొచ్చిన రాణి మన దగ్గర కుదురుకుంటుందన్న నమ్మకం కూడా లేదు.

కూలీల్లో మేజర్ అనే పెద్ద తల రకాన్ని చూసి రాణి అనుకోవడం మామూలే. తల చూడొద్దు, ఛాతీ చూడాలి. రాణి ఛాతీ రెక్కల కండరాలతో నిండి ఎత్తుగా, గుండ్రంగా ఉంటుంది. రెక్కలు ఊడిన చోట చిన్న చిన్న మచ్చలుంటాయి. కూలి చీమ ఛాతీ ఎప్పుడూ సన్నమే.

రెక్కలు ఊడాయంటే జతకట్టినట్టే అన్న గ్యారంటీ లేదు. జతకట్టని రాణి కూడా ఒక్కోసారి రెక్కలు వదిలేస్తుంది, గుడ్లూ పెడుతుంది. చీమల్లో ఫలదీకరణ జరగని గుడ్డు మగ చీమ అవుతుంది, జరిగిన గుడ్డు ఆడ చీమ అవుతుంది. కూలీలన్నీ ఆడవే. అంటే జతకట్టని రాణి ట్యూబులో చివరికి రెక్కల మగవే తేలతాయి, పనిచేసే చీమ ఒక్కటీ రాదు. అందుకే ఒక్క రాణి మీదే ఆశ పెట్టుకోకుండా కొన్నింటిని తెచ్చి, దేని ట్యూబు దానికే కేటాయించాను. కొన్ని జాతుల్లో రాణులు కలిసి గూడు మొదలుపెట్టడం, కూలీలు పుట్టాక ఒకదాన్నొకటి చంపుకోవడం ఉంది. ఆ గొడవ నాకొద్దు.

జతకట్టిన రాణి ఆ ఒక్క విహారంలో అందుకున్న వీర్యాన్ని ఒంట్లో చిన్న సంచిలో దాచుకుని జీవితాంతం వాడుకుంటుంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో సర్ జాన్ లబ్బక్ అనే ఆయన ఇంట్లో పెంచిన ఫార్మికా ఫుస్కా అనే జాతి చీమల రాణి దాదాపు 15 ఏళ్ళు బతికింది. ఆయన బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు, అక్కడి 1871 నాటి బ్యాంకు సెలవుల చట్టం వెనకున్న మనిషి. అన్ని పనుల మధ్య చీమలు చూసుకోవడానికి తీరిక ఎలా దొరికిందో! ట్యూబులో రాణిని పెట్టేముందు ఆ ఏళ్ళ లెక్క ఒకసారి ఆలోచించుకోవాలి, ఇది ఒక సీజన్ సరదా కాదు.

ట్యూబు తయారీ

16 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల పొడవున్న మామూలు టెస్ట్ ట్యూబు. అడుగున మూడోవంతు నీళ్ళు, వాటికి ఆనుకుని గట్టిగా అదిమిన దూది ఉండ, ఆ తర్వాత రాణికి ఖాళీ చోటు, మూతి దగ్గర వదులుగా ఇంకో దూది ఉండ. అంతకు మించి ఏమీ లేదు. మట్టి వేయలేదు, ఇసుక వేయలేదు.

అసలు కిటుకంతా నీళ్ళ వైపు దూదిలో ఉంది. వదులుగా ఉంటే నీళ్ళు కారి రాణి మునుగుతుంది, మరీ బిగిస్తే తడి ఇవతలికి రాదు. దూదిని నీళ్ళలోకి దించేటప్పుడు వెనక గాలి బుడగ మిగలకుండా చూసుకున్నాను. ట్యూబు వేడెక్కితే ఆ గాలి వ్యాకోచించి నీళ్ళను దూదిలోంచి ఇవతలికి నెడుతుంది. హీటింగ్ కేబుల్ వాడేవాళ్ళ ట్యూబుల్లో వరద వచ్చేది ఎక్కువగా దీనివల్లే. వేడి ఇవ్వాలనుకుంటే నీళ్ళ వైపు కాకుండా మూతి వైపు, అదీ ఒక్క కొసకే ఇవ్వాలి. రెండో కొస చల్లగా ఉంటే రాణి తనకు కావలసిన చోటు తానే ఎంచుకుంటుంది. నా ట్యూబులకి గది వెచ్చదనమే సరిపోయింది, 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటోంది.

ట్యూబుల మీద అట్ట గొట్టం తొడిగి, ఎవరూ కదపని అలమర అరలో పెట్టాను. తలుపు ధడేల్మని వేసే గోడకి ఆ అలమర దూరం. గదిలో మాటల చప్పుడు చీమలు పట్టించుకోవు, నేల అదిరితే మాత్రం హడలిపోతాయి. బెదిరిన రాణి తన గుడ్లు తానే తినేస్తుంది. అందుకని ఈ దశలో చూడటం వారానికోసారి, అదీ అర నిమిషం.

గుడ్లు, లార్వాలు, కకూన్లు

కొద్ది రోజుల్లోనే తెల్లటి పొడుగుపాటి గుడ్లు కనిపించాయి. రాణి వాటిని ముద్దగా చేర్చి, నోటితో నాకుతూ, అటూ ఇటూ మారుస్తూ కూర్చుంది. ఇన్ని వారాలూ బయటి నుంచి దానికి ముద్ద కూడా అందదు. ఇక ఎగరాల్సిన పని లేదు కాబట్టి రెక్కల కండరాలు ఒంట్లో కరిగిపోతాయి. ఆ సారం, పొట్టలో కొవ్వు కలిపి తానూ బతుకుతుంది, నోట్లో ఊరే ద్రవంతో పిల్లల్నీ సాకుతుంది. అన్ని ప్రజాతులూ ఇలా కాదు. కొన్నింట్లో రాణి కూడా మొదటి నుంచీ వేటకి వెళ్ళాలి, అలాంటి రాణిని మూసిన ట్యూబులో ఆకలితో పెడితే చస్తుంది. ప్రజాతి తెలియకుండా మొదలుపెట్టొద్దనేది అందుకే.

ట్యూబుల మధ్య తేడా ఈ దశలోనే బయటపడింది. ఒక రాణి ఎప్పుడూ ట్యూబులో అటూ ఇటూ పరిగెత్తుతూనే ఉంది, గుడ్లు పెట్టడం, అవి మాయమవడం. ఇంకో రాణి దూది పోగులు పీకి పరుపులా పరుచుకుని దాని మీద గుడ్లు పేర్చింది. మిగతావి మామూలే. పరిగెత్తే రాణి చివరికి బతకలేదు, కారణం బయటికి కనిపించేది ఏదీ లేదు. పరుపు వేసుకున్న రాణి కాలనీయే ఇప్పుడు ఈ డైరీలో ముందుకు నడుస్తోంది. మొదటి కూలీలు రాగానే మిగతా రాణుల్ని తెచ్చిన చోటే, వాన పడ్డ పూట వదిలేశాను. వేరే ప్రాంతపు చీమల్నయితే అలా వదలకూడదు. చాలా దేశాల్లో అది చట్టం ఒప్పుకోని పని, చట్టం సంగతి పక్కన పెట్టినా వాటితో పాటు రోగాలు, పురుగులు కూడా బయటికి పోతాయి.

నీళ్ళ వైపు దూది మీద నల్లటి చుక్కలు మొదలయ్యాయి. బూజు. చూడగానే టెన్షన్ పడి ట్యూబు మార్చేవాళ్ళే ఎక్కువ. దూది లోపల చుక్కలుంటే నేను వదిలేస్తాను. బూజు పోగులు గాల్లోకి లేచి పిల్లల వైపు పాకుతుంటేనో, నీళ్ళు అయిపోతుంటేనో అప్పుడు మార్చాలి. మారిస్తే రాణికి కలిగే అదురు ఆ చుక్కల కంటే ప్రమాదం.

లార్వాలు లావెక్కి, పట్టు పోగు తీసి కకూన్లు చుట్టుకున్నాయి. కాంపోనోటస్ ప్యూపాలు (లార్వాకీ చీమకీ మధ్య దశ) ఇలా లేత గోధుమ రంగు సంచుల్లో ఉంటాయి. మిర్మిసినే ఉపకుటుంబపు చీమల ప్యూపాలకు ఈ సంచి ఉండదు. చీమ గుడ్లంటూ చాలామంది చూపించేది ఈ కకూన్లనే, అసలు గుడ్లు వీటి పక్కన చుక్కల్లా ఉంటాయి. సంచి ఒక కొసన నల్లటి చుక్క కనిపిస్తే అది రోగం కాదు. లార్వా ప్యూపాగా మారే ముందు అంతవరకు కడుపులో ఆపుకున్న మలాన్ని ఒకేసారి వదిలేస్తుంది, ఆ మచ్చే అది.

గుడ్డు నుంచి కూలి చీమ దాకా ఈ వెచ్చదనంలో సుమారు నెలన్నర నుంచి రెండు నెలలు. చల్లగా ఉండే గదిలో ఇంకా ఎక్కువే పడుతుంది.

మొదటి కూలీలు

మొదటి కకూన్‌ని రాణే దవడలతో చీల్చి, లోపలి చీమని బయటికి లాగింది. కొత్త చీమ పాలిపోయిన రంగులో, కాళ్ళు నిలవక తూలుతూ ఉంటుంది. ఒళ్ళు గట్టిపడి నల్లబడటానికి కొన్ని రోజులు పడుతుంది. మొదటి బ్యాచ్ కూలీలు తర్వాత పుట్టేవాటి కంటే బాగా చిన్నవి. రాణి దగ్గరున్న నిల్వ అంతే, దాంతో పెద్దవాటిని తక్కువ చేయడం కన్నా చిన్నవాటిని ఎక్కువ చేయడం మేలు. ఐదారు జతల చేతులు ఉంటేనే ఒకటి వేటకి పోయినా మిగతావి పిల్లల్ని చూస్తాయి.

తిండి పెట్టాల్సిన సమయం ఇప్పుడు వచ్చింది. అగ్గిపుల్ల కొసతో తేనె, నీళ్ళు కలిపిన చుక్క ఒకటి చిన్న రేకు ముక్క మీద పెట్టి ట్యూబులోకి జరిపాను. ఒక కూలీ మీసాలతో తడిమి, తాగడం మొదలుపెట్టి చాలాసేపు కదల్లేదు. పొట్ట ఉబ్బి నల్లటి పలకల మధ్య లేత పొర కనిపించింది. తర్వాత వెనక్కి వెళ్ళి రాణి నోటికి నోరు ఆనించింది. చీమకి రెండు కడుపులు. ముందున్న సంచిలో దాచింది అందరిదీ, వెనకది తన సొంతం. అందుకే గూట్లో అందరూ తిన్నారా అని చూసే పని లేదు, ఒక్కటి తాగితే చాలు.

తాగాక అది పొట్ట ముందుకి వంచి, కొసని నోటికి ఆనించి శుభ్రం చేసుకోవడం గమనించాను. ఇది ఊరికే ఒళ్ళు తుడుచుకోవడం కాదు. కాంపోనోటస్ చేరే ఫార్మిసినే ఉపకుటుంబపు చీమలు పొట్ట కొస నుంచి వచ్చే ఫార్మిక్ యాసిడ్‌ని మింగి, తిండితో వచ్చే బ్యాక్టీరియాని ముందు సంచిలోనే చంపుతాయని కాంపోనోటస్ ఫ్లోరిడానస్ మీద చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. చాలా చీమలకి ఛాతీ పక్కన క్రిములను చంపే ద్రవం ఊరే గ్రంథి ఉంటుంది, కాంపోనోటస్ జాతుల్లో ఎక్కువ వాటికి అది లేదు. ఈ యాసిడే వాటికి దిక్కు.

ఆ యాసిడ్‌కి ఇంకో వైపు కూడా ఉంది. మూసిన ట్యూబుని ఊపితే, తట్టి దులిపితే కూలీలు భయంతో యాసిడ్ చిమ్ముతాయి. గాలి బయటికి పోక ఆ ఆవిరికి తామే చచ్చిపోతాయి. చీమల్ని ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి దులపడం నేను ససేమిరా చేయనిది ఇందుకే.

ఔట్‌వరల్డ్, అంచు మీద యుద్ధం

ట్యూబు మూతి తెరిచి, దాన్ని అలాగే ఒక మూత డబ్బాలో పెట్టాను. ట్యూబు ఇల్లు, డబ్బా వీధి. పెంచేవాళ్ళు దీన్ని ఔట్‌వరల్డ్ అంటారు. వేట, చెత్త పారబోత, తిరుగుడు అంతా ఇక్కడే. గుప్పెడు చీమలకి అరచేయంత చోటు చాలు. పెద్ద అక్వేరియంలో వదిలితే తిండి దొరకదు, దొరికినా ఇంటి దారి దొరకదు.

చీమ కాలి చివర గోళ్ళు, వాటి మధ్య తడి మెత్త ఉంటాయి. గరుకు గోడని గోళ్ళతో, నున్నటి గాజుని మెత్తతో ఎక్కుతుంది. కాబట్టి గోడ నునుపుగా ఉంటే సరిపోదు, అంచుకి ఏదైనా పూయాలి. మూడు పద్ధతులు చూశాను.

నూనె పట్టీ పనిచేస్తుంది కానీ దుమ్ము పట్టి, కిందకి జారి, అందులో చీమ అంటుకుంటే చూడలేం. టాల్కం పౌడర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చిక్కగా కలిపి, దూదితో పైఅంచు చుట్టూ రాస్తే ఆల్కహాల్ ఆరిపోయి పొడి పొర మిగులుతుంది. చీమ అడుగు వేయగానే పొడి రేణువులు ఊడి మెత్తకి అంటుకుంటాయి, పట్టు తప్పి కింద పడుతుంది. చవక, చక్కగా పనిచేస్తుంది. కానీ డబ్బాలో తేమ పెరిగితే పొర ముద్దకడుతుంది, వేలు తగిలితే చెరిగిపోతుంది. మూడోది పీటీఎఫ్ఈ (నాన్‌స్టిక్ గిన్నెల పూతలో ఉండే పదార్థం) ద్రవం, ఫ్లూఆన్ అనే పేరుతో దొరికేది. సన్నగా, చారలు లేకుండా ఒక్క పూత వేస్తే నెలల తరబడి ఉంటుంది. ప్రస్తుతం నా డబ్బాలకి కింద పీటీఎఫ్ఈ, దానిపైన రెండో వరసగా టాల్కం. ఆల్కహాల్ ఆవిరి పూర్తిగా పోయి, డబ్బా వాసన లేకుండా అయ్యాకే చీమలు లోపలికి.

రాత్రి లైటు వేసి చూస్తే అంచు కింద ఒక కూలీ వరసగా చుట్టూ తిరుగుతూ ప్రతి చోటా ముందు కాళ్ళు వేసి పరీక్షిస్తోంది. దానికి దొరకని కన్నం మనకి దొరకదు. అందుకని నా తనిఖీ కన్నా దాని తనిఖీ మీదే నాకు నమ్మకం.

తిండి గురించి కొంచెం

తీపి కూలీల ఇంధనం, మాంసం లార్వాల ఒళ్ళు. ఎదిగిన చీమలు గట్టి ముక్కలు మింగలేవు, రసమే తాగుతాయి. నోట్లో చిన్న జేబులాంటిది నలుసుల్ని వడకట్టి ఉండగా చేసి ఉమ్మేస్తుంది. ఫ్రూట్ ఫ్లైలు, కీచురాళ్ళ కాళ్ళు, మీల్‌వార్మ్ ముక్కలు ఇస్తున్నాను. ఇచ్చే ముందు ఫ్రీజర్లో పెట్టడమో, మరిగే నీళ్ళలో ఒక్క క్షణం ముంచడమో చేస్తాను. పురుగుతో పాటు వచ్చే చీడపేనులు కాలనీలోకి ఎక్కితే వదిలించుకోవడం నరకం. తోటలో పట్టిన పురుగుల్ని అసలే వాడను, వాటి మీద ఏ మందు పడిందో తెలియదు.

మాంసం తక్కువైన వారాల్లో కూడా లార్వాలు ఎదుగుతూనే ఉన్నాయి. కాంపోనోటస్ పేగు కణాల్లో బ్లాక్‌మానియా అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. పనికిరాని నత్రజనిని తీసుకుని చీమకి కావలసిన అమైనో ఆమ్లాలు తయారుచేసి పెడుతుంది. గుడ్డు ద్వారానే రాణి నుంచి పిల్లలకి పోతుంది. కొందరు చీమలకి యాంటీబయాటిక్ కలిపిన తీపి ఇచ్చి రోగం బాగుచేద్దామని చూస్తుంటారు. ఈ ప్రజాతిలో అది ఇంట్లోవాళ్ళకే విషం పెట్టడం.

తిండి మిగిలితే మర్నాడే తీసేస్తాను. ఈ ఒక్క అలవాటుతో బూజు, ఈగలు సగం పోయాయి.

ప్లాస్టర్ గూడు

రాణి కకూన్లు కాస్తున్న వారాల్లో గీసుకున్న బొమ్మలో గదులు డజనుకి పైనే. ట్యూబులో చీమలు పాతిక దాటాక ఆ బొమ్మని సగానికి, మళ్ళీ సగానికి కోశాను. చివరికి మిగిలింది మూడు గదులు, ఒక దారి. చీమల పెంపకంలో నేను గట్టిగా పట్టుకున్న సూత్రం ఒకటే: గూడు ఎప్పుడూ కాలనీకి కాస్త ఇరుకుగా ఉండాలి. ఖాళీ గదులుంటే వాటిని కాపాడలేరు, తేమ నిలపలేరు, చెత్త తెచ్చి అక్కడే పోస్తారు. చీమలకి ఒకదాన్నొకటి తాకుతూ పడుకోవడమే సుఖం.

పద్ధతి ఇది. గాజు పలక మీద మోడలింగ్ క్లేతో గదులు, దారి ఆకారాలు అతికించాలి. చుట్టూ అట్ట గోడ కట్టి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి. రెండు పాళ్ళ పొడిని ఒక పాలు నీళ్ళలో చల్లుతూ కలిపితే బుడగలు తక్కువ. గట్టిపడేటప్పుడు ముద్ద వేడెక్కుతుంది, నీళ్ళు కలుపుకుని జిప్సంగా మారుతోందని అర్థం. గట్టిపడ్డాక గాజు ఊడదీసి, క్లే తవ్వేస్తే గదులు తయారు. పూర్తిగా ఆరడానికి వారాలు పట్టింది. బుగ్గకి ఆనిస్తే చల్లగా తగిలినంతకాలం లోపల తడి ఉన్నట్టే.

తేమ కోసం ముక్క ఒక చివర వెనక వైపు గుంట తవ్వి, దాంట్లోకి సన్నటి గొట్టం దించాను. సిరంజితో అక్కడ నీళ్ళు పోస్తే ప్లాస్టర్ పీల్చుకుని ఒక చివర తడి, రెండో చివర పొడిగా ఉంటుంది. ఏ గదిలో ఎంత తేమ కావాలో చీమలే తేల్చుకుంటాయి. గదులన్నీ సమానంగా తడిగా ఉండే డిజైన్లు అందంగా కనిపిస్తాయి, చీమలకి మాత్రం ఎంచుకునే వీలుండదు.

మకాం మార్పు

గూడు ఔట్‌వరల్డుకి తగిలించి, ట్యూబుని అక్కడే ఉంచాను. వారాలు గడిచినా ఎవరూ కదల్లేదు. ట్యూబులో నీళ్ళున్నాయి, చీకటుంది, అమ్మ వాసనుంది. ఎందుకు కదలాలి? కొత్త గూటిలోకి వెళ్ళొచ్చేది ఒకటి రెండు కూలీలే. అవి కూడా చివరి గదిలో కీచురాయి పెంకులు, ఖాళీ కకూన్ తొక్కలు పోసి వచ్చాయి. మూడు గదులు కూడా ఎక్కువేనన్నమాట. చివరి గది ఊడ్చి, దాని దారిని దూదితో మూసేశాను.

ఆ తర్వాత ట్యూబు మీది అట్ట తీసేసి, గూటి మీద నల్లటి మూత పెట్టాను. వెలుతురు మామూలు గది వెలుతురే, దీపం పెట్టి వేధించలేదు. మొదటి రోజంతా ట్యూబు లోపల అలజడి, పిల్లల్ని దూది వైపు చేర్చి మీద కూర్చున్నారు. తర్వాత ఒక కూలీ గూటి దాకా వెళ్ళొచ్చి, ఇంకో కూలీ దవడ పట్టుకుని లాగింది. లాగించుకున్న చీమ కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళు చుట్టచుట్టి మోసే చీమ తల కింద వేలాడింది. అలా మోసుకెళ్ళి గూట్లో దింపింది. ఫార్మిసినే ఉపకుటుంబంలో కూలీలు ఒకదాన్నొకటి మోసుకెళ్ళే పద్ధతే అది. దింపిన చీమ కాసేపు తిరిగి చూసి, మళ్ళీ ట్యూబుకి నడిచింది. మోసిన చీమ మళ్ళీ దాన్నే ఎత్తుకొచ్చింది! ఈ లాగుడు గంటల తరబడి నడిచింది. గూడు బాగుందనేవాళ్ళు, లేదనేవాళ్ళు అక్కడ ఇద్దరూ ఉన్నారు.

తేల్చింది కకూన్లే. వాటిని ఒకటొకటిగా పొడి గదికి చేర్చడం మొదలైంది. ఆ రాత్రంతా దారి ఖాళీ లేదు. లార్వాల ముద్ద, గుడ్ల ముద్ద చివర్లో వెళ్ళాయి. రాణి నడిచి వెళ్ళడం చూడాలని మేలుకున్నాను కానీ ఎప్పుడు దాటిందో కళ్ళబడలేదు, తెల్లారేసరికి తడి గదిలో ఉంది. పిల్లల సర్దుబాటు మర్నాటికే స్థిరపడింది: గుడ్లు, చిన్న లార్వాలు తడి చివర దగ్గర, కకూన్లు పొడి చివర. నీళ్ళు పోసిన పూట అన్నీ ఒక అంగుళం వెనక్కి జరుగుతాయి, ఆరేకొద్దీ ముందుకొస్తాయి. గూటికి తేమ కొలిచే హైగ్రోమీటర్ బిగించాలనుకున్నాను, ఇక దాని అవసరం లేదు.

ఖాళీ ట్యూబుని వెంటనే తీయలేదు. కొత్త గూడు ఏదో కారణంగా నచ్చకపోతే వెనక్కి పోవడానికి దారి ఉండాలి.

ఎర్ర ఫిల్ము గురించి

చీమలకి ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి ఎర్ర ఫిల్ము వేస్తే వాటికి చీకటి, మనకి సినిమా అంటుంటారు. మూలం లబ్బక్ ప్రయోగాలే. రంగు గాజుల కింద చీమలు పిల్లల్ని ఎక్కడ చేరుస్తాయో చూసి, అవి ఊదారంగు వెలుతురుని తప్పించుకుంటాయని, ఎరుపుని పెద్దగా పట్టించుకోవని, మనకి కనిపించని అతినీలలోహిత కాంతి కూడా వాటికి తెలుస్తుందని ఆయన చూపించాడు. అదంతా నిజమే. అయితే చవక ఎర్ర ఫిల్ము ఎరుపునొక్కదాన్నే పంపదు, మిగతా రంగులూ కాస్త కారతాయి. ఫిల్ము ఒక్కటే ఉన్నప్పుడు నా చీమలు కిటికీ వైపు గదిని వదిలేశాయి, దాని మీద అట్ట మూత వేస్తే తిరిగి వచ్చాయి. ప్రస్తుతం రెండూ ఉన్నాయి: చూసేటప్పుడు ఫిల్ము, మిగతా వేళల్లో అట్ట.

చెత్త మూల

ఔట్‌వరల్డులో ఒక మూల చెత్తకుప్ప వాళ్ళే ఎంచుకున్నారు. మొదటి బ్యాచ్ కూలీ ఒకటి గూట్లో చచ్చిపోయింది. ఆ రోజు దాని పక్క నుంచే అందరూ నడిచి వెళ్ళారు, ఎవరూ ముట్టలేదు. తర్వాత ఎవరో ఎత్తుకెళ్ళి కుప్పలో పడేశారు. చావుని చీమలు చూపుతో గుర్తుపట్టవు, వాసనతో పడతాయి. శవం కుళ్ళేటప్పుడు వచ్చే ఓలియిక్ యాసిడ్ ఆ వాసన. 1958లో చీమల శాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్, ఆయన సహచరులు దాన్ని బతికున్న చీమకి పూస్తే, తన్నుకుంటున్నా వినకుండా మిగతావి ఎత్తుకెళ్ళి చెత్తలో పడేశాయి. ఒళ్ళు శుభ్రం చేసుకునేదాకా దానికి గూట్లో చోటు లేదు.

ఆ కుప్ప నాకు ఆరోగ్య నివేదిక. చీమల శవాలు, ఖాళీ తొక్కలు ఉంటే మామూలే. ఉబ్బని, చిరగని కకూన్లు పారేస్తుంటే లోపల ఏదో తేడా. లార్వాలు కనిపిస్తే మాంసం చాలట్లేదని. అందుకని కుప్పని పూర్తిగా ఎత్తేయను, పాతదాన్ని తీసి కొంచెం వదిలేస్తాను. అంతా తీసేస్తే కొత్త మూల వెతుక్కుంటారు, అది నీళ్ళ గిన్నె అయినా అవ్వొచ్చు.

ఇప్పటి సంగతి

మొదటి మేజర్ పుట్టింది. తల మిగతా ఒళ్ళంత ఉంది, దవడలు మందం. ఇన్ని వారాలకి కానీ మేజర్ రాలేదంటే కాలనీకి ఇప్పుడే మిగులు వచ్చిందన్నమాట. పెద్ద లార్వాని సాకడం ఖరీదైన పని. పుట్టిన దగ్గర్నుంచి అది వేటకి వెళ్ళలేదు, దారి మొదట్లో కూర్చుని తీపి నింపుకున్న పొట్టతో వచ్చేపోయేవాళ్ళకి తాగిస్తోంది. పెద్ద తల చూసి సైనికుడనుకుంటాం, ఇది చేస్తున్నది మాత్రం గోదాం పని. ఎముకలాంటి కీచురాయి తొడ ఇస్తే మాత్రం లేచి వచ్చి కొరికి చీలుస్తుంది.

మూసిన మూడో గది దారిలోని దూదిని వాళ్ళే పీకడం మొదలుపెట్టారు. కకూన్లు దారిలోకి కూడా వచ్చాయి కాబట్టి అడ్డం తీసేశాను. ఈసారి చెత్త పోయలేదు, తెల్లారేసరికి అక్కడ కకూన్లు పేర్చి ఉన్నాయి.

గూటికి రెండో ప్లాస్టర్ ముక్క అచ్చు పోసి ఆరబెట్టాను. గదుల ఎత్తు 8 మిల్లీమీటర్ల నుంచి 12కి పెంచాను, మేజర్ల తలలు ఒకదాని మీద ఒకటి దాటేలా. నీటి గుంట మొదటి ముక్కలో ఉన్న వైపే ఉంచాను. రెండు ముక్కలు కలిపే గొట్టానికి ఇప్పటికి మూత బిగించి ఉంది. మూడో గది పూర్తిగా నిండి, కూలీలు ఔట్‌వరల్డులో పడుకోవడం మొదలుపెట్టాక తీస్తాను.